చేతులతో అమ్మా అని

ఏడాది నిండని మనవరాలిని చంకనెత్తుకుని భారతమ్మ ఖమ్మం బస్సుకు బయలుదేరింది. వాకిట్లో కొడుకు పున్నయ్య అడ్డంగా నిలబడ్డాడు.

“పిల్లనెటు తీసుకపోతున్నవమ్మా?”

“మీ అక్క దగ్గరికి. ఇక్కడుంటే దీనికి మాటలు రావు.”

“దాని తల్లికి చెప్పినవా?”

“చెవిటిదానికి ఏం చెప్పాలిరా? పొద్దస్తమానం చేతులు తిప్పుడే. పిల్లకూ అదే నేర్పింది. రేపు బళ్లో మూగదంటే నీకు సిగ్గుండదా?”

“మాటలు నేను నేర్పుత. సైగలు హైమ నేర్పుతది.”

“పెళ్లప్పుడే వద్దన్న. విన్నవా?”

“అప్పుడూ వినలే, ఇప్పుడూ వినను. పిల్లనియ్యి.”

పిల్ల ఏడుపందుకుంది. పెరట్లో మిరపకాయలు ఆరబోస్తున్న హైమకు అది వినపడలేదు. పిల్ల వేలితో చెంప తట్టుకుంది. భారతమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

“మళ్లీ అదే! నోటితో అడగవే!”

పున్నయ్యకు ఒళ్లు మండిపోయింది.

“చెయ్యి వదులు. అమ్మా అని పిలుస్తున్నది. పసిదాని నోరు మూస్తవా?”

భారతమ్మ వదల్లేదు. అతనే తల్లి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, పిల్లను తీసుకుని పెరట్లోకి నడిచాడు. హైమ తలెత్తేలోపే పిల్ల వేలు మళ్లీ చెంప మీదికి పోయింది.