జేబు అడుగున ముడి

గోడౌన్‌లో కోత బల్ల. దాని మీద అమ్ముడుపోని కొత్త కోట్ల గుట్ట. బల్లకు ఇటు ఎప్పటినుంచో పనిచేస్తున్న పెద్దామె, అటు ఈ ఉదయమే పనిలో చేరిన అమ్మాయి.

“చెయ్యి ఆగిందేం?”

“కత్తి తెగట్లేదక్కా.”

“ఇందాకటి దాకా తెగిందిగా. వీపు మీద అడ్డంగా ఒక గాటు, చేతులకి చెరొకటి. అంతే. ప్రాణమున్నదాన్ని కోస్తున్నట్టు ఆ మొహమేంటి?”

“కొత్తవి కదక్కా. ధర చీటీ కూడా ఊడలేదు. కొయ్యకుండా ఎవరికైనా ఇవ్వొచ్చుగా?”

“ఊరికే దొరికితే ఇంక కొనేదెవరు? పైగా రోడ్డు మీద పడుకునేవాడు ఈ కోటు తొడుక్కుంటే, షాపులో కొన్నవాళ్లకి చిన్నతనమట.”

“అసలెందుకు అమ్ముడుపోలేదు? చిరుగుందా?”

“రంగు పాతబడింది.”

“ఎక్కడ? కాస్తయినా వెలవలేదే!”

“వెలవక్కర్లేదే పిల్లా, మోజు తీరితే చాలు. ఊఁ, కానీ కానీ. సాయంత్రానికల్లా వెనక గుంటలో పోసి అంటించాలి.”

“అంటిస్తారా? మా వీధిలోకొచ్చే పొగ అదేనా? మా అమ్మ దగ్గు…”

“అందరి దగ్గూ అదే. నాది వినట్లేదూ? ఏయ్, ఆ కోటు పక్కన పెడతావేం?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే ఇటివ్వు.”

“ఇవ్వను. అక్కా, అక్కా, ఇది కొయ్యొద్దు!”

“గేటు దగ్గర ఒళ్లంతా తడుముతారు. మొదటిరోజే దొంగవనిపించుకుంటావా?”

“దొంగతనానిక్కాదు. కోటు తిప్పుతుంటే వేళ్లు జేబులోకి పోయాయి. నువ్వూ చెయ్యి పెట్టి చూడు. లోపల, అడుగు మూల. తగిలిందా?”

“ఏదో ముడి.”

“మా చెల్లి ముడి! మిషన్ మీద కుట్టాక అక్కడ చేత్తో ఒకటి వేస్తుంది. చిల్లర జారిపోకుండా అమ్మ నేర్పింది. ఫ్యాక్టరీలో టైం దండగని తిట్టినా మానలేదు.”

“ముడి ఎవరైనా వేస్తారే.”

“ఇలా వెనక్కి తిరిగుండదు. దానిది ఎడమచేతి వాటం.”

“ఇప్పుడెక్కడుంది మరి?”

“కోట్ల ఫ్యాక్టరీలో కుట్టేది. నిరుడు తగలబడిందే, అందులో. బయట తాళాలేసున్నాయట. ఎవరు ఎవరో పోల్చలేకపోయారు.”

“అయ్యో.”

“అమ్మ ఒప్పుకోలేదక్కా. తప్పించుకుంది, ఇంకెక్కడో కుడుతోంది అంటుంది. రోజూ దాని పక్క దులిపి వేస్తుంది. నేనే కసిరేదాన్ని, ఎవరికే ఆ పక్క అని. చూశావా, అమ్మ మాటే నిజమైంది!”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? కొత్త కోటు, చెల్లి ముడి. అంటే బతికే ఉందిగా?”

“మంచినీళ్లు తాగుతావా?”

“ఇప్పుడు నీళ్లేంటక్కా! ఈ సరుకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పు. రేపే వెళ్తా. కాదు, ముందు ఇంటికెళ్లి అమ్మకి చెప్పాలి.”

“అమ్మకి చెప్పకు.”

“ఎందుకు?”

“కూర్చో ముందు.”

“ఎందుకక్కా?”

“ఇది ఇప్పుడు కుట్టిన సరుకు కాదమ్మా. మూడేళ్లుగా ఈ గోడౌన్‌లోనే పడుంది. లారీ దిగిన రోజు నేనిక్కడే ఉన్నా.”

“మూడేళ్లా?”

“ఆఁ.”

“కొత్తగా ఉన్నాయిగా…”

“ఎవరూ తొడుక్కోలేదు కదా, కొత్తగానే ఉంటాయి.”

“అంటే… కాలిపోకముందు…”

“ఇలా ఇవ్వు. ఆ జేబు వరకూ కోసిస్తా. కొప్పులో పెట్టుకో. కొప్పు విప్పి చూడరు. ఏడుపొస్తే ఏడువు తల్లీ, అలా కోసిన గుట్ట వైపు చూడకు.”

“అక్కా, పొద్దున్నుంచి నేను ఒక్క జేబూ చూడకుండా కోశాను.”