మృదుల సంచిలో శంఖం

కొత్తపేటలో శ్రీరామమూర్తి గారి ఫ్లాటు. కుటుంబం దీవి యాత్ర నుంచి తిరిగొచ్చి గంటన్నర అయింది. పెట్టెలింకా విప్పలేదు, గొంతులు మాత్రం విప్పేశారు. తల్లి వెంకాయమ్మ వంటింట్లో ఉంది. తండ్రికీ కూతురు మృదులకీ మధ్య పై అంతస్తు భిక్షపతి కూర్చున్నాడు. ఆయన ఎల్బీ నగర్ కోర్టులో ఓ వకీలు దగ్గర గుమాస్తా.

"అరవకండి నాన్నా. అంకుల్ ముందు కూడానా?"

"అరుస్తానే! సంతకం పెట్టమని ఎవరు చెప్పారు నీకు? ఆ శంఖం నాది. నీ సంచిలో పెట్టింది నేను. నా పేరు చెప్పడానికి నోరు రాలేదా?"

"నా సంచి. నా పేరే రాశారు."

"జర ఆగుండ్రి మూర్తి సారూ. మొదట్నించి చెప్పుండ్రి. శంఖం ఎందుకు తెచ్చిండ్రు?"

"ఇది మూడేళ్లు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ ఉద్యోగం కొట్టిందా? సోమవారం చేరాలి. ఆ పొద్దున దీని చేత స్వామికి శంఖంతో అభిషేకం చేయిద్దామనుకున్నానండీ. మా ఇంట్లో కొన్న శంఖం పనికిరాదు. సముద్రంలోంచి చేత్తో తీసిందే ఉండాలి. మా నాన్న అలాగే తెచ్చాడు, మా తాతా అలాగే తెచ్చాడు."

"మీ తాత కాలంలో పడవలెక్కే జెట్టీ మీద బోర్డు లేదు నాన్నా! ఇప్పుడుంది, మనిషంత బోర్డు. దీవి నుంచి గవ్వ కూడా తీసుకెళ్లకూడదని."

"ఖాళీ డొల్లే. ఎవరికి నష్టం?"

"నాకు! నేను చేరబోయేది ఏ శాఖ? అడవుల శాఖ! ఇన్ని సంచులుండగా నా సంచే దొరికిందా మీకు?"

"నీ సంచైతే చూడరని..."

"ఏమన్నారు?"

"ఏం లేదు."

"లేదు, అనండి. మళ్లీ అనండి! అందుకే కదా ముందురోజే ఆ జెట్టీ మీది ఫారెస్ట్ గార్డుకి చెప్పిపెట్టారు, మా అమ్మాయి మీ శాఖలో ఆఫీసరవుతోందని? హోటల్లో చెప్పారు, పడవలో చెప్పారు. డాల్ఫిన్లకొక్కటే చెప్పలేదు."

"సంతోషమే! కన్నకూతురి గురించి చెప్పుకోవడం కూడా నేరమేనా?"

"లొల్లి బంద్ జేయుండ్రి ఇద్దరూ. బిడ్డా, కేసు రాసిండ్రా?"

"రాశారు అంకుల్. పిలుస్తామన్నారు."

"గట్లైతే నౌకరీకి అడ్డమొస్తది. చేరేటప్పుడు కాయితం ఇస్తరు, నీ మీద కేసులున్నయా అని. ఉన్నదని రాయాలె."

"తెలుసు."

"తెలుసట! ఎంత తాపీగా చెబుతోందో చూడండి భిక్షపతి గారూ. మూడేళ్ల చదువు మట్టిగొట్టుకుపోతోంటే తెలుసట!"

"ఎవరు కొట్టారు మట్టి? ఎవరు?"

"ఆగు బిడ్డా. మా వకీల్ సాబ్ ఇసొంటి కేసులల్ల ముందుగాల ఒక్కటే అడుగుతడు. సంచి ఎవరు తెరిచిండ్రు? ఎవరి ముందట తెరిచిండ్రు? సాక్షులు లేకుంటే ఆడనే కొట్టేయొచ్చు."

"అదీ! చెప్పవే. ఎవడు తెరిచాడు? ఆ మీసాల గార్డేనా?"

"నాలుగు రోజులు ఎంత బాగున్నాయి నాన్నా. అద్దం అడుగున్న పడవలో చేపల్ని చూసి అమ్మ చప్పట్లు కొట్టింది. జింకలు ఇసకలోకి వచ్చాయి. మీరు చెట్టుకింద మూడింటిదాకా పడుకున్నారు. నాకు ఊహ తెలిశాక మిమ్మల్నలా చూళ్లేదు. అంతా చెడగొట్టారు."

"మాట మార్చకు. సంచి ఎవరు తెరిచారు?"

"మీరప్పుడు యాడున్నరు సార్?"

"నేనూ వెంకాయమ్మా ముందు పడవ ఎక్కేశాం. ఇది వరసలో వెనకుంది. మా పడవ కదిలిపోయింది. గంట తర్వాత ఇంకో పడవలో వచ్చింది, మొహం ఇంత చేసుకుని."

"జెట్టీ మీద సోదా జేసిండ్రా బిడ్డా?"

"అందరినీ చేశారు."

"నిన్ను?"

"నన్ను... లేదు."

"లేదా? మరెట్ల దొరికె?"

"ఎవడో చాడీ చెప్పుంటాడు! ఆ హోటల్ కుర్రాడే..."

"ఎవరూ చెప్పలేదు నాన్నా."

"వెంకాయమ్మా! నువ్వేమైనా నోరు జారావా?"

"అమ్మ మీద అరవకండి! అమ్మకి అసలు తెలియనే తెలియదు."

"సరే. భిక్షపతి గారూ, రేపు పొద్దున్నే మీతో ఎల్బీ నగర్ వస్తాను. పెట్టింది నేనేనని ప్రమాణం చేసి రాసిస్తాను. కేసు నా మీదకి తిప్పించండి. నాకు పోడానికి ఉద్యోగం లేదు."

"మంచిదే సార్. గని దొరికిన తీరు తెల్వకుంటే వకీల్ సాబ్ ఏం జేస్తడు? దాచకు బిడ్డా. ఎట్ల దొరికింది?"

"దొరకలేదు."

"ఏందీ?"

"గార్డు నన్ను చూసి 'మేడం' అని సెల్యూట్ కొట్టాడు. నా సంచి ముట్టుకోలేదు. నా ముందున్నావిడ సంచి మాత్రం నేలమీద కుమ్మరించాడు. వాళ్ల పాప ఏరుకున్న నాలుగు గవ్వలు దొరికాయి. ఆవిడ కాళ్లావేళ్లా పడ్డా వినలేదు, కేసు రాశాడు."

"అయితే నువ్వు దాటేశావుగా! దాటాక ఇంకేమొచ్చిందే నీకు?"

"పడవ మీద కాలు పెట్టాను. సంచిలో ఏదో కదిలింది. విప్పితే మీ తడి తువ్వాలు. అందులో మీ ఖాళీ డొల్ల. లోపలి ప్రాణి ఇంకా చావలేదు నాన్నా."

"బతికుందా?"

"వెనక్కెళ్లి ఆ గార్డు చేతిలో పెట్టాను. నీళ్లలో వదిలేసి, 'మీకెందుకు మేడం, మీరు వెళ్లండి' అన్నాడు. ఆ పాప నా వంకే చూస్తోంది. నా పేరు రాసేదాకా నేనే అక్కణ్ణుంచి కదల్లేదు."