ఫిర్యాదులు లేని బడి

ఆడపిల్లల భద్రత చట్టం ఎంతవరకు అమలవుతోందో చూడ్డానికి వచ్చిన తనిఖీ అధికారిణి, హెడ్మాస్టరు గదిలో కూర్చుని కమిటీ రిజిస్టరు తిరగేస్తోంది. ప్రతి పేజీలోనూ ఒకటే మాట కనబడేసరికి ఆమెకు ఎక్కడో తేడా కొట్టింది.

“ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదా మాస్టారూ?”

“మా పిల్లలు బంగారం మేడం. చట్టంలో ఉన్నట్టే వరండాలో ఫిర్యాదుల పెట్టె పెట్టాం, కమిటీ వేశాం, నెలనెలా కూర్చుంటున్నాం.”

“వచ్చే నెల కూడా కూర్చున్నట్టున్నారే. ఫిర్యాదులు లేవని రాసి, ఐదుగురూ సంతకాలు పెట్టేశారు.”

“అదా... అందరూ మళ్ళీ ఒకచోట దొరకరని, ఉన్నప్పుడే పెట్టించేశామండి.”

“సరే, పెట్టె తాళంచెవి ఇవ్వండి.”

“అది డ్రిల్లు మాస్టారి దగ్గరుంటుంది. ఆయన ఇవాళ సెలవు.”

“నేను వస్తున్నానని తెలిశాక పెట్టిన సెలవేనా?”

“అబ్బే, ఒంట్లో బాగాలేదట.”

“హాజరుపట్టీ కూడా చూశాను, ఆయన పీరియడ్ ఉన్న రోజే ఆడపిల్లల హాజరు సగానికి పడిపోతోందేం?”

“ఎండకి భయపడతారు మేడం.”

“మగపిల్లలకు ఎండ తగలదా?”

హెడ్మాస్టరు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“పోనీ, పెట్టె ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు?”

“తెరవాల్సిన పని పడలేదండి. ఫిర్యాదులు లేవు కదా.”

ఆమె లేచి వరండాలోకి నడిచింది. వెనకాలే ఆయన కూడా వచ్చాడు. ఆమె తన నోటుబుక్కులోంచి ఓ కాగితం చించి, మడిచి, పెట్టె సందులో వేయబోయింది. కాగితం సగం దిగి ఆగిపోయింది. ఇంకోసారి నెట్టినా కదల్లేదు.

“మాస్టారూ, ఇందులో ఇంకో కాగితానికి చోటు లేదే.”