అరనిమిషం తేడా

హలో… ఆ, నేనే, టీచర్. మీ మాటలపుట్టని. మూడో అంతస్తు నుంచి… ఆ, ఇంకా చార్టులే గీస్తున్నాను.

ఏదో చప్పుడవుతోంది, ఏం చేస్తున్నారు?… సర్దుతున్నారా. బొమ్మలు కూడానా… అద్దం ముట్టుకోకండి, అది గోడకి బిగించింది. ఊడదీస్తే పగులుతుంది.

కాదు, అద్దం కోసం కాదు ఫోన్ చేసింది.

—

మీ తలుపు దాకా వచ్చాను. పొద్దున్న ఒకసారి, భోజనాలప్పుడు ఒకసారి. లోపల ఎవరో పాప "క… క…" అంటోంది. మీరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నారు. వెనక్కొచ్చేశాను.

… దాక్కోలేదండీ.

… సరే, దాక్కున్నాను.

మాటల గది ఎందుకు ఎత్తేస్తున్నారో మీకు చెప్పారా?… "టైమ్ ఎక్కువ పడుతోంది." అంతేనా. ఎవరు లెక్కగట్టారో చెప్పలేదా?

లెక్కగట్టింది నేనే, టీచర్.

… వద్దు, పూర్తిగా వినండి. మీరిప్పుడు "పర్లేదులే" అన్నారంటే ఇక నేను చెప్పలేను… ఆ.

ఆసుపత్రి మీటింగులో ఒక చార్టు వేస్తాం. ఏ విభాగంలో ఒక్కో మనిషికి ఎన్ని నిమిషాలు పడుతోందో. కళ్లకి పది. పళ్లకి పదిహేను, ఎముకలకి పదిహేను. మీ గదికి అరవై… అవును, అందరికంటే పొడుగ్గా నిలబడేది మీరే. కింద టోటల్ అని ఒక గడి ఉంటుంది, అన్నిటికీ కలిపి సగటు. పదిహేను దాటిందా, ఎర్రబడుతుంది.

సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసిన టోటల్ పదమూడు. పచ్చగానే ఉండేది… ఎలాగంటే, అది గదుల్ని కాదు, మనుషుల్ని లెక్కపెడుతుంది. కళ్లకి వారానికి నాలుగొందల మంది. మీ దగ్గరికి పది మంది. మొత్తం ఎనిమిది వందల మందిలో ఓ పది మంది గంటసేపు కూర్చుంటే ఎంత?… అదే. కనపడదు.

… ఆ. మొదట సరిగ్గానే ఉంది.

మేనేజర్ గారు ఫోన్ తీసి కూడారు. నాలుగూ కలిపితే వంద, నాలుగుతో భాగిస్తే ఇరవై అయిదు. "నీ పదమూడు ఎక్కణ్ణుంచి ఊడిపడింది బాబూ" అన్నారు. పన్నెండు మంది నావైపు తిరిగారు. జవాబు నా నోట్లోనే ఉంది టీచర్. "సగటుల సగటు సరికాదు." మూడే మాటలు. మూడూ స తోనే.

… నవ్వండి, పర్లేదు. నాకూ వచ్చింది నవ్వు, లిఫ్టులో.

స దగ్గర ఆగిపోయాను. మీరు నేర్పినట్టే ఊపిరి వదిలాను, పెదాలు వదులు చేశాను. వచ్చేసేదే. ఇంకో నాలుగు క్షణాలు ఉంటే వచ్చేసేదే. పక్కన మందుల స్టోరు ఆయన జాలిపడి అందించాడు. "సారీ అంటున్నాడు సార్."

… తలూపాను.

ఊ. తలూపేశాను. అందరూ చూపు తిప్పుకున్నారు కదా, ఎంత హాయనిపించిందో… ఇంకెవరికైనా చెప్తే అర్థం కాదు.

సీటుకొచ్చి సెట్టింగుల్లోకెళ్లాను. కస్టమ్ టోటల్ అని ఉంటుంది. అది వేసింది తీసేసి మనం వేసుకోవచ్చు. నాలుగూ కూడి నాలుగుతో భాగించమని వేశాను. ఇరవై అయిదు. వేళ్ల మీద కూడుకున్నా సరిపోయేది, నన్నెవరూ ఏమీ అడక్కుండా ఉండేది. ఆ నిమిషంలో మీరు గుర్తురాలేదని చెప్దామనుకున్నాను, ఇప్పుడు ఫోన్ చేసేముందు కూడా. అబద్ధం. గుర్తొచ్చారు.

—

… ఆగండి, ఇంకా ఉంది.

మరుసటి వారం మీటింగులో ఆ ఎరుపు ఎలా పోతుందని తర్జనభర్జన. మాటల గది పక్కన పెట్టి చూడమన్నారెవరో. మౌస్ నా చేతిలోనే ఉంది. ఒక్క టిక్కు తీశాను. మిగతా మూడింటికీ పదమూడైంది, పచ్చబడింది. చప్పట్లు కొట్టారు టీచర్.

… పాత టోటల్ ప్రకారమా? చూశాను. మీ గది ఉంటే పదమూడు. తీసేస్తే పన్నెండున్నర.

అరనిమిషం. అరనిమిషానికి మిమ్మల్ని…

… పదకొండు రోజులైంది, ఎవరికీ చెప్పలేదు. నత్తి మీదకి తోసేద్దామనుకున్నాను. మెయిలు రాయడానికి నత్తేమిటి, వేళ్లకి లేదుగా.

తిట్టండి… మీరు తిట్టకపోతే ఎలా… ఇప్పుడు అమ్మ సంగతెందుకు టీచర్… గుర్తుంది. బయట బెంచీ మీద కూర్చునేది, మూడేళ్లు. మీరు ఒక్కసారైనా గడియారం చూసిన గుర్తు లేదు నాకు. అదే నన్ను తినేస్తోంది.

… ఎవరు, తలుపు దగ్గర?… మేనేజర్ గారా. గది ఎత్తేసే కాగితమేనా?… సంతకం పెట్టకండి.

వద్దు, మీరు చెప్పొద్దు. మీరు చెప్తే గది కాపాడుకోడానికి ఏదో అంటున్నారనుకుంటారు. ఫోన్ ఆయనకివ్వండి… నోటితోనే. మెయిలు రాస్తే "చూద్దాం" అని పక్కన పడేస్తారు… ఏమో టీచర్, వస్తుందో రాదో. ఇచ్చెయ్యండి.

—

నమస్తే సార్… ఆ, చార్టుల… అవును. ఆ ట… ట…

కాదు సార్, టైమ్ టేబుల్ కాదు… అదీ కాదు. మీరు అందించకండి సార్. వస్తోంది.

…

టోటల్ తప్పు. ప… పదమూడే నిజం. మొదటిదే. ఇరవై అయిదు నేను పెట్టింది… లేదు, పొరపాటున కాదు.

తెలిసే పెట్టాను.

… ఆ… ఆ సార్. ఆ కాగితం ఇవాళ్టికి ఆపితే చాలు. నా సంగతి తర్వాత…

… మీటింగులో నేనే చెప్పాలా?… పన్నెండు మంది ముందా.

చెప్తాను సార్. మళ్లీ మొదట్నుంచీ చెప్తాను. కాకపోతే నాకు కొంచెం టైమ్ ప… ప…

హలో?