జిగురు ఆరేలోగా

2014లో ఒక శనివారం మధ్యాహ్నం, న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో ఒక ఇంటి గరాజ్. పాత మోరిస్ మైనర్ కారు బానెట్ ఎత్తి ఉంది. దాని అంచుకు కొత్త రబ్బరు పట్టీ అతికిస్తున్న ఇంటాయన పక్కన, ఆయన భార్య అన్నగారు నిలబడ్డారు. చెల్లెలి పెళ్లికి రాని మనిషి, నాలుగేళ్ల తర్వాత టౌరంగా నుంచి మొదటిసారి వచ్చారు.

"ఆ కొస కాస్త పట్టుకుంటారా, బావగారూ?"

"ఇలాగేనాండీ?"

"లాగకండి. సాగదీసి అతికిస్తే తర్వాత ముడుచుకుపోయి మూల దగ్గర సందు వస్తుంది. వానొస్తే ఇంజిన్ మీద నీళ్లు పడతాయి."

"జిగురు రాశారుగా, ఇంకా ఆగడం దేనికి?"

"తడి మీద పెడితే జారిపోతుంది. కాసేపు ఆరాలి. ఈలోగా లోపలికెళ్లి మీ చెల్లెల్ని పలకరించి రండి."

"తలుపు తీసినప్పుడు చూశాను."

"చూశారు. మాట్లాడలేదు."

"ఏమని మొదలుపెట్టను? పెళ్లిరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. నిజం చెప్పాలంటే కారు చూడ్డానికి కాదండీ, చెల్లెలి ఎదుట కూర్చోలేక ఇటొచ్చాను."

"తనకీ తెలుసు. వంటింటి కిటికీలోంచి ఇటే చూస్తోంది."

"కోపంగా ఉందా?"

"ఉండే ఉంటుంది. మీకిష్టమని పొద్దున్నుంచి బొబ్బట్లు చేస్తోంది."

"ఇంకా గుర్తుందా దానికి!"

"ఆరింది బావగారూ. అతికిద్దామా?"

"ఇంకాసేపు ఆగితే పాడవుతుందా?"

"పాడైతే మళ్లీ రాస్తాను."

"అయితే ఈ కొస నువ్వు పట్టుకో, బావా. నేను లోపలికెళ్లొస్తా."