అంజినప్ప తీసిన సొట్టలు

దేవేంద్ర సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నాడు. పుట్టపర్తిలో ఒక లాడ్జి మేనేజరు ఆ సాయంత్రం బండిని చూసి, నచ్చితే పర్మనెంటుగా బాడుగకు పెట్టుకుంటానన్నాడు. చిన్న గీత ఉన్నా వద్దనే మనిషి ఆయన. అందుకే దేవేంద్ర పొద్దున్నే లేచి తలుపులు అద్దంలా తుడిచి, బెళుగుప్పలో హనుమంతమ్మ టీ కొట్టు ముందు ఆపాడు. అదే కొంప ముంచింది. ఆ ఊరి అంజినప్ప పెంచే పొట్టేలు ఆ తలుపులో తన మొహం తానే చూసుకుని, ఎవడో కొత్త పొట్టేలు వచ్చాడనుకుని ఒక్క కుమ్ము కుమ్మింది. తలుపుకు పళ్లెమంత సొట్ట పడింది.

"ఫికరు పడొద్దప్పా," అన్నాడు అంజినప్ప, పొట్టేలును కొట్టు గుంజకు కట్టేస్తూ. "నా పొట్టేలు పెట్టిన సొట్ట నేను తీయకుంటే ఎవరు తీస్తారు?"

ఇంటికి పోయి, బాత్రూములో నీళ్ళు పోక నిలిచిపోతే తూము మీద పెట్టి కొట్టే రబ్బరు కప్పు తెచ్చాడు. హనుమంతమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టించాడు. ఆ నీళ్ళు కాగేదాకా నోరు మూసుకుని కూర్చునే మనిషి మాత్రం కాదు.

"మొన్న మన లక్ష్మన్న ఆటో బంపరు లోపలికి పోయింటే, వేడినీళ్ళు పోసి, ఈ కప్పు అంటించి ఒక్క గుంజు గుంజినా. టప్ అని బయటికొచ్చె!"

"అది నిజమేప్పా," అన్నాడు టీ తాగుతున్న లక్ష్మన్న.

ఒక నిజానికి సాక్షి దొరికేసరికి అంజినప్పకు ఊపొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఒక బస్సు చింతచెట్టుకు గుద్దుకొని నడుములో మడత పడింది. డ్రైవరు ఏడ్చుకుంటా నా దగ్గరికొచ్చినాడు. గుంజినా చూడూ, సొట్ట పోయేది అట్లుండనీ, బస్సే రెండు సీట్లు పొడుగైపాయ! ఈ పొద్దుకూ కండక్టరు ఆ రెండు సీట్లకు టికెట్లు కొడతానే ఉండాడు."

"కప్పు ఊడలేదా?" అని అడిగాడు లక్ష్మన్న.

"ఊడేదైతే వజ్రకరూరు వాళ్ళు నన్నెందుకు పిలుస్తారప్పా? ఆడ బోరులో నీళ్ళు లేవని ఈ కప్పే బోరు మూతికి పెట్టి గుంజినా. నీళ్ళు రాలే, గుప్పెడు వజ్రాలొచ్చినాయి! 'ఇవేం చేసుకోవాలన్నా, చెనిక్కాయ పంటకు నీళ్ళు కావల్ల' అన్నాడు రైతు. మళ్ళీ లోపలికే తోసేసి వచ్చినా."

దేవేంద్రకు నవ్వు రావడం లేదు. నీళ్ళ గిన్నె వైపే చూస్తున్నాడు.

"అవన్నీ ఒకెత్తు. మనకు వానలు ఎందుకు రాలేదంటావు? ఆకాశానికి సొట్ట పడి, మేఘాలన్నీ దాంట్లో ఇరుక్కునుండె. గాలిమర ఎక్కి, రెక్క మింద నిలబడుకొని, కప్పు ఆకాశానికి అంటించి గుంజినా. టప్! వానే వాన!"

"యాడ పడిందప్పా ఆ వాన?" అంది హనుమంతమ్మ. "మేం ఈడనే ఉంటిమే!"

"మీరు నిద్రపోతాంటిరి లేమ్మా."

ఇంతలో నీళ్ళు కాగాయి. అంజినప్ప సొట్ట మీద పోశాడు, కప్పు అదిమి గుంజాడు. కప్పు ఊడొచ్చి ఆయన వెల్లకిలా పడ్డాడు. దేవేంద్ర మొహం చూసి ఎవరూ నవ్వలేదు. అంజినప్ప లేచి, పళ్ళు బిగబట్టి మళ్ళీ గుంజాడు. ఈసారి టప్‌మంటూ సొట్ట బయటికి వచ్చేసింది.

"అన్నా, నా బతుకు నిలబెట్టినావన్నా!" దేవేంద్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇందాక అంజినప్పను ఎంత తిట్టుకున్నాడో, ఇప్పుడు ఆయన అంత ముద్దొచ్చాడు.

అంజినప్ప తువ్వాలుతో తలుపును తళతళలాడేలా తుడిచాడు. "ఇంక యముడి దున్నపోతు వచ్చి కుమ్మినా ఈ తలుపు..."

"అన్నా, ఎనకాల!" అని అరిచాడు దేవేంద్ర.

పొట్టేలు తాడు తెంపుకుంది. తళతళలాడే తలుపులో పాత శత్రువు మళ్ళీ కనబడ్డాడు. నాలుగడుగులు వెనక్కి వేసి తల దించింది. పట్టుకునే వ్యవధి లేదు. అంజినప్ప రెండు చేతులూ చాచి, తలుపును కావలించుకుని అడ్డంగా నిలబడ్డాడు.

తలుపుకు గీత కూడా పడలేదు. ఆ కుమ్మంతా అంజినప్ప వెనక భాగానికే తగిలింది. ఆయన "నాయనో!" అంటూ నేల మీద బోర్లా పడ్డాడు.

హనుమంతమ్మ నీళ్ళ గిన్నె, రబ్బరు కప్పు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"కదలొద్దు అంజినప్పా. నీళ్ళు ఇంకా వేడిగానే ఉండాయి. నీ సొట్ట మేం తీస్తాం."