పై స్వరాలు

మధ్యాహ్నం వేళ గిటార్ల దుకాణంలో ఇద్దరే ఉన్నారు. ఒకరు దుకాణం నడిపే ఆమె, రెండోవారు ఆమెకు చిన్నప్పుడు గిటార్ నేర్పిన మాస్టారు.

"ఈ కేబులూ పనికిరాదమ్మా. పై స్వరాలు దుప్పటి కప్పినట్టు వస్తున్నాయి."

"మా దగ్గర దీన్ని మించింది లేదు మాస్టారూ."

"అయితే ధ్వని మార్చే ఈ పెడల్స్ మధ్య వేసిన చిన్న కేబుళ్ళలో ఏదో పాడైనట్టుంది."

"సరే, పెడల్స్ అన్నీ తీసేశాను. గిటార్ నుంచి తిన్నగా యాంప్లిఫయర్‌కే పెట్టాను. ఇప్పుడు సన్న తీగ మీటండి."

"అదిగో, మళ్ళీ అదే మొద్దు శబ్దం. విన్నావా?"

"విన్నాను."

"మరి మాట్లాడవేం?"

"గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు ఖంగుమంది మాస్టారూ."

"నీకు శ్రుతి పట్టుకోవడం నేర్పిందే నేను. నాకే చెప్తున్నావా?"

"మీరు నేర్పారు కాబట్టే చెప్తున్నాను. ఇంకొకరైతే మరో కేబుల్ అమ్మి పంపేసేదాన్ని."

మాస్టారు గిటార్‌ని ఒళ్ళోంచి దించి పక్కన పెట్టారు.

"దుకాణం మూసేస్తాను. చెవుల డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళ్దాం పదండి."

"వెళ్ళొచ్చానమ్మా. పోయిన వినికిడి తిరిగి రాదన్నాడు, ఉన్నది కూడా నిలవదన్నాడు. తప్పు కేబుల్‌దైతే బాగుండునని దుకాణాలన్నీ తిరుగుతున్నాను."

ఆమె తల వంచుకుని కేబుల్ చుట్టసాగింది.

"దాన్ని లోపల పెట్టెయ్యకు, నాకివ్వు. శనివారం కచేరీ ఉంది."

"మీకు తేడా తెలియదు కదా మాస్టారూ."

"వినడానికి వచ్చినవాళ్ళకి తెలుస్తుందిగా తల్లీ."